తొమ్మిదో వరసలో ఆగిపోయిన సంఖ్య

నా కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా కాలేజీలో అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ తెలుసు. అందుకే నేను పిల్లలకు నేర్పే కంప్యూటర్ భాషను నా మొహం మీద ఎవరూ వెక్కిరించరు. నేను స్టాఫ్‌రూం గడప దాటాక మాత్రం "చీమలబారు మేడమ్ వెళ్ళింది" అంటారు. పైన ఫ్యాన్లు ఎంత మోత పెట్టినా అలాంటి మాటలు నాకు చక్కగా వినపడతాయి.

పద్దెనిమిదేళ్ళుగా తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. ఆ భాష నాకు పరిచయమై నాలుగేళ్ళు. మామూలు కంప్యూటర్ భాషల్లో వంద సంఖ్యలు కూడాలంటే ఒక్కొక్కదాన్నీ పిలిచి, కలిపి, తర్వాతిదాన్ని పిలవమని చెప్పాలి. ఇందులో ఆ బాధ లేదు. వరస మొత్తాన్ని ఒక్క పట్టు పడతాం. కూడిక గుర్తు రాసి పక్కన ఒక ఏటవాలు గీత గీస్తే చాలు, "ఈ వరసలో ప్రతి రెండు సంఖ్యల నడుమా కూడిక పెట్టు" అని అర్థం. మాటలుండవు, అన్నీ గుర్తులే. పేజీడు పని ఒక్క వరసలో తెగిపోతుంది. చూడ్డానికి చీమలు పాకినట్టుంటుందని ఒప్పుకుంటాను గానీ, ఆ మాట అనే హక్కు నేర్చుకున్నవాళ్ళకే ఉందని నా పట్టుదల.

మూడేళ్ళపాటు సాయంత్రం నాలుగు తర్వాత, ఇష్టమున్న పిల్లలను కూర్చోబెట్టుకుని ఊరికే నేర్పాను. నాలుగో ఏడు పన్నెండు మంది వచ్చారు. వాళ్ళు తమంతట తామే సంతకాలు పెట్టి, దీన్ని ఐచ్ఛిక పేపరుగా పెట్టమని అర్జీ రాశారు. మా విభాగం పెద్దాయన ఆ అర్జీని రెండు నెలలు సొరుగులో ఉంచి, చివరికి నన్ను పిలిచారు.

"వచ్చే శనివారం సిలబస్ కమిటీ కూర్చుంటుంది మేడమ్. బయటినుంచి ఒక ప్రొఫెసరుగారు వస్తున్నారు. మీకు పావుగంట ఇస్తాను. వాళ్ళు సరేనంటే పేపరు ఉంటుంది. కాదంటే ఆ సాయంత్రం క్లాసులు కూడా ఆపేయండి, కరెంటు దండగ."

కరెంటు దండగ అన్న మాటకే నాకు ఒళ్ళు మండింది. ఆ పావుగంటలో వాళ్ళ నోళ్ళు మూయించాలని అక్కడే నిలబడి నిశ్చయించుకున్నాను. ఏం చూపించాలో వెతుక్కునే పని కూడా లేకపోయింది. బ్రహ్మాండమైన సంఖ్యలను ఈ భాషలో ఒక్క వరసలో రాసి చూపిస్తానని అనుకున్నాను.

ఆ సంఖ్యల సంగతి చెప్పాలి. మూడును మూడుసార్లు కూడితే తొమ్మిది. మూడుసార్లు గుణిస్తే ఇరవై ఏడు. ఇక ఘాతాన్నే మూడుసార్లు పేర్చామనుకోండి. మూడు మీద మూడు, దాని మీద ఇంకో మూడు. పైనున్న రెండూ కలిసి ఇరవై ఏడవుతాయి, కాబట్టి కింది మూడును ఇరవై ఏడుసార్లు గుణించాలి. పదమూడు అంకెల సంఖ్య వస్తుంది. ఇలా పేర్చడాన్ని లెక్కల్లో రెండు పైబాణాలతో రాస్తారు. ఆ పేర్చడాన్నే మళ్ళీ పేరిస్తే మూడు బాణాలు. అప్పుడు ఆ పదమూడు అంకెల సంఖ్య ఎంతో, అన్ని మూడులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చుంటాయి. నాలుగో బాణం దగ్గరికొస్తే తాడిని తన్నేవాడి తలదన్నేవాడు అన్న సామెత కూడా చిన్నబోతుంది. ఆ సంఖ్యను రాయడానికి భూమ్మీద కాగితం చాలదు.

కానీ రాయాల్సిన పని లేదు, అదే అందం. ప్రతి మెట్టూ కింది మెట్టునే మళ్ళీ మళ్ళీ చేయడం. ఆ సంఖ్య కాపీలు వరసగా పరిచి, నడుమ కింది మెట్టు గుర్తు పెట్టడం. ఈ భాషకు పుట్టుకతో వచ్చిన విద్య అదే. రెండు రాత్రులు కాదు, రెండు పీరియడ్ల ఖాళీలో ఆ వరస రాసేశాను. ఎన్ని బాణాలైనా సరే, ఏ సంఖ్యకైనా సరే, వేలెడు పొడవున్న ఒక్క వరస. బోర్డు మీద రాసుకుని దూరంగా వెళ్ళి నిలబడి చూసుకున్నాను. గర్వంగా అనిపించింది. నా పెళ్ళి ఫోటో కూడా నేను అంతసేపు చూడలేదు.

రెండుతో పరీక్ష చేశాను. రెండు, రెండు బాణాలు, రెండు అంటే నాలుగు రావాలి, వచ్చింది. రెండు, రెండు బాణాలు, మూడు అంటే పదహారు, వచ్చింది. మూడు బాణాలతో రెండూ రెండూ వేస్తే మళ్ళీ నాలుగు రావాలి, అదీ వచ్చింది. మూడుతో వేసి చూడలేదు. ఆ పదమూడు అంకెలు తెరమీద పడే ముహూర్తం కమిటీ ముందే జరగాలని దాచుకున్నాను.

ఆదివారం పుత్తూరు మీదుగా నగరి బస్సెక్కాను. మా నాయన నగరిలోనే ఉంటాడు. చదివింది ఐదో తరగతి. నలభై ఏళ్ళకు పైగా ఆయన పని చీర అంచులకు అట్టలు కొట్టడం. మగ్గానికి పూవు నేయడం తనంతట తెలియదు. గళ్ళకాగితం మీద, అంటే గ్రాఫు మీద, పూవును గడి గడిగా రంగువేసి గీస్తారు. ఆ గ్రాఫును చూస్తూ అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టల దండను మగ్గం పైన కడితే, బెజ్జం ఉన్నచోట నూలు లేస్తుంది, లేనిచోట లేవదు. ఇప్పుడు ఆ బెజ్జాలు కూడా మిషన్లే కొడుతున్నాయి. మా నాయన పని మానుకుని నాలుగేళ్ళయింది. అయినా కిటికీ పక్కన ఆ బల్ల, గ్రాఫుల కట్ట, కొలతబద్ద అలాగే ఉన్నాయి. వీధిలో ఎవరి అంచైనా తేడా వస్తే ఇప్పటికీ ఆయన దగ్గరికే పట్టుకొస్తారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, ఆ బల్ల మీదే ల్యాప్‌టాప్ పెట్టి నాయనకు నా వరస చూపించాను. బాణాల సంగతి చెప్పాను. ఆయనకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. అంచులో పూవు, పూవుల గుత్తి, గుత్తుల వరస, వరసల మీద వరస, మళ్ళీ మళ్ళీ చేయడమనే పనిలోనే ఆయన బతుకు గడిచింది.

"సరే పాపా. ఇది సరిగ్గా చేస్తాండాదని నీకెట్లా తెలుసు?" అన్నాడు.

"సూసినా నాయనా. రెండుతో ఏసి సూసినా. నాలుగు, పదహారు, అన్నీ సరిగ్గా వచ్చినాయి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"రెండుతో సూస్తే ఏం తెలుస్తాది? రెండును రెండుసార్లు కూడినా నాలుగే, గుణించినా నాలుగే. అది సుక్కల పూవు మాదిరి. యా పక్కనుంచి సూసినా ఒకటే. కొత్త అట్టలు మగ్గానికి కట్టినప్పుడు మేము సుక్కల పూవు ఏసి సూస్తామా? తిరగబడినా తెలీదు. చిలక ఏసి సూస్తాం. ముక్కు ఎటు తిరిగిందో తెలిసిపోతాది."

నేను గణితంలో పీజీ చేసినదాన్ని. పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉన్నదాన్ని. నాకు సర్రున కోపం వచ్చింది.

"ఇది అంచు కాదు నాయనా. నీకు తెలీదు, ఊరికే ఉండు."

"తెలీదు గాబట్టే అడగతా ఉండా. మూడుతో ఏసి సూపించు."

ఆయన నోరు మూయించడానికే వేశాను. మూడు, రెండు బాణాలు, మూడు. పదమూడు అంకెలు రావాలి. తెరమీద ఐదే అంకెలు పడ్డాయి. 19683.

మళ్ళీ వేశాను, అదే. ఇంకోసారి వేశాను, అదే. శనివారం ఆ ప్రొఫెసరుగారి ముందు, మా పెద్దాయన ముందు, అర్జీ రాసిన పిల్లల ముందు ఇది పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకున్నాను. అప్పటికి తప్పు ఉందని తెలిసింది గానీ ఎక్కడుందో తెలియలేదు. వరస మొత్తం చదివాను, నా కంటికి ఏమీ ఆనలేదు.

నాయన కంగారు పడలేదు. పాత గ్రాఫు ఒకటి తిరగేసి, వెనకవైపు పెన్సిలుతో మూడు రాశాడు. కింద తొమ్మిది. కింద ఇరవై ఏడు. ఎనభై ఒకటి. ఒక్కొక్క వరసనూ మూడుతో గుణించుకుంటూ, ఎడమ పక్కన వరస నంబరు వేసుకుంటూ దిగాడు. ఇరవై ఏడు వరసలు దిగుతాడని అర్థమై, "నాయనా, ఆ జవాబు నాకు తెలుసులే" అన్నాను. వినలేదు. తొమ్మిదో వరస దగ్గర పెన్సిలు ఆపాడు.

"ఇదిగో. నీ మిషను సెప్పిన అంకె. తొమ్మిదో వరసలోనే ఆగిపోయినాది. ఇరవై ఏడు దాకా దిగాల గదా?"

"అవును."

"మూడును ఇరవై ఏడుసార్లు గుణించకుండా, ఇరవై ఏడునే మూడుసార్లు గుణించినాది. అందుకే మూడు మూళ్ళు తొమ్మిది. ఎన్నిసార్లు గుణించాలనేది సెప్పే సంఖ్యను నీ మిషను తప్పు పక్కనుంచి తీసుకొనింది. యా పక్కన రాసినావు దాన్ని?"

అప్పుడు కనపడింది. వరస నడుమ రెండు చుక్కలు, వాటి కింద ఒక వంకర గీత. అది ఆ భాషలో తిరగేసే గుర్తు. కుడిపక్కదాన్ని ఎడమకు, ఎడమపక్కదాన్ని కుడికి మారుస్తుంది. దాన్ని అక్కడ పెట్టింది నేనే, ఎవరూ పెట్టమనలేదు. ఎందుకు పెట్టానా అని ఆలోచిస్తుంటే, వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న మా అమ్మ అందుకుంది.

"చిన్నప్పట్నించీ గ్రాఫు తిరగేసి కొట్టు, తిరగేసి కొట్టు అని దాని సెవిలో ఇల్లు కట్టుకొని పోరింది నువ్వే గదా. ఇప్పుడు దాన్నంటే ఏం లాభం?"

నిజం అదే. మా వీధిలో నేసే చీరలకు మంచి మొహం కిందివైపు ఉండేది. నేసేవాళ్ళకు వెనకవైపే కనపడుతుంది. పూవు ఎలా పడుతోందో చూడాలంటే కింద చిన్న అద్దం పట్టుకుని చూడాలి. అందుకని గ్రాఫు గీసినవైపు కాకుండా తిరగేసుకుని అట్టలు కొట్టేవాళ్ళం. ఏడేళ్ళ వయసునుంచి నాయన పక్కన కూర్చుని, గడులను కుడినుంచి ఎడమకు తిప్పి చదివి వినిపించేదాన్ని. కుడినుంచి మొదలయ్యేది ఏది కనపడినా ముందు తిప్పేయడం నా చేతికి అలవాటైపోయింది. ఈ భాష కూడా కుడినుంచే మొదలుపెట్టి ఎడమకు వస్తుంది. మిషను తన పని తానే కుడినుంచి చేసుకుంటుంటే, నేను మా ఇంటి అలవాటు కొద్దీ మళ్ళీ ఒకసారి తిప్పాను. నగరిలో అట్టలు కొట్టే ఇంట్లో పుట్టని మనిషి ఎవరూ ఈ తప్పు చేయరు.

ఆ ఒక్క గుర్తు చెరిపేశాను. తెరమీద 7625597484987 పడింది. నాయన దాన్ని నమ్మలేదు. మిగిలిన పద్దెనిమిది వరసలూ చేత్తోనే దిగాడు. మధ్యలో అమ్మ అన్నానికి పిలిస్తే చేయి అడ్డంగా ఊపాడు. ఇరవై ఏడో వరస రాసి, తెర దగ్గరికి వంగి, అంకె అంకె వేలితో చూపుకుంటూ సరిపోల్చి, "ఏడు లక్షల అరవై రెండు వేల ఐదు వందల యాభై తొమ్మిది కోట్లు, పైన డెబ్బై నాలుగు లక్షల చిల్లర" అని పైకి చదివాడు. నాయన చేతిరాతలో ఆ పదమూడు అంకెలూ ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. నాకు కళ్ళు నిండాయి. ఊరికే ఉండు అన్నందుకు సిగ్గేసింది. ఆ మాట ఆయనతో అనలేక, ఇద్దరికీ అన్నం వడ్డించాను.

శుక్రవారం ఈ సంగతి మా పెద్దాయనకు చెప్పాను. రేపు కమిటీలో కూడా చెబుతానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తప్పు దిద్దుకున్నారు కదా మేడమ్. ఇక దాన్ని బయట పెట్టుకోవడమెందుకు? అసలే అనుమానంతో వస్తారు. మన చేతులతో మనమే రాయి అందించడం దేనికి?"

అందులో న్యాయం లేకపోలేదు. పన్నెండు మంది పిల్లల పేపరు అది. నా గొప్పకో నిజాయితీకో దాన్ని పణంగా పెట్టే అధికారం నాకుందా అని బస్టాండు దాకా ఆలోచించుకుంటూ నడిచాను. చెప్పకూడదనే అనుకున్నాను చివరికి.

శనివారం అంతా సాఫీగానే జరిగింది. కూడిక, గుణకారం, ఘాతం, బాణాలు. నా వరస రాసి, మూడుతో పదమూడు అంకెలు తెప్పించాను. ఒకరిద్దరు కమిటీ సభ్యులు ముందుకు వంగారు. బయటినుంచి వచ్చిన ప్రొఫెసరుగారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి అడిగారు.

"ఇంకో బాణం పెట్టి నడపండి."

"నడవదు సార్. ఆ జవాబు ఏ యంత్రంలోనూ పట్టదు."

"అయితే మీరు రాసిన వరస అక్కడ కూడా సరైనదేనని నేనెలా నమ్మాలి? జవాబు ఎవరూ చూడలేరు. తప్పయినా ఎవరికీ తెలియదు. అలాంటిది పిల్లలకు నేర్పి ప్రయోజనమేమిటి?"

ఎదురుగా మా పెద్దాయన తల దించుకున్నారు. నాకు కోపం రాలేదు, అదే వింత. ఎందుకంటే ఆ ప్రశ్న నేను అంతకుముందే విన్నాను. ఇది సరిగ్గా చేస్తాండాదని నీకెట్లా తెలుసు అని, నగరిలో, కిటికీ పక్కన బల్ల ముందు.

చెరిపేసిన గుర్తును మళ్ళీ వరసలో పెట్టాను. "ఇది పోయిన వారం నేను చేసిన తప్పు సార్" అన్నాను. రెండుతో నడిపాను. నాలుగు, పదహారు, నాలుగు, అన్నీ సరిగ్గా వచ్చాయి. తర్వాత మూడుతో నడిపాను. ఐదంకెలు వచ్చి ఆగింది. పెద్ద సంఖ్యను చూడలేం కాబట్టి, తప్పును దాచలేని చిన్న సంఖ్యను వెతుక్కోవాలని, ప్రతి మెట్టుకూ అలాంటి చిలకను ఎంచుకోవడమే ఈ పేపరులో నేర్పుతానని చెప్పాను. చుక్కల పూవు గురించీ, చిలక ముక్కు గురించీ, చీర కింద అద్దం గురించీ చెప్పాను. పావుగంట ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ గంట కొట్టలేదు.

ప్రొఫెసరుగారు జేబులోంచి పెన్ను తీసి, ఎజెండా కాగితం వెనక తానే రెండూ మూడూ వేసుకుని కొంతసేపు చూసుకున్నారు.

"ఈ చిలక మాట ఏ పుస్తకంలోది?"

"పుస్తకంలోది కాదు సార్. మా నాన్న చెప్పాడు. నగరిలో అట్టలు కొట్టేవాడు. నా తప్పు పట్టుకున్నది ఆయనే."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు హాలు చివరిదాకా వెళ్ళింది. అంత గట్టిగా మాట్లాడాలని అనుకోలేదు. డాక్టరేటు వచ్చినవాళ్ళు తమ గురువుల పేర్లు చెప్పుకునేటప్పుడు ఎలా చెప్పుకుంటారో నేను చాలాసార్లు విన్నాను. నేనూ అలాగే చెప్పాను.

"మొదటి క్లాసు ఆయనతో చెప్పించండి" అన్నారాయన. పేపరు మీద సంతకాలు పడ్డాయి.

నాయన ఒకంతట ఒప్పుకోలేదు. "నాకేం తెలుసు మే, పెద్ద సదువులు సదివేటోళ్ళకు నేను సెప్పేదేముండాది" అని పది రోజులు నాన్చాడు. నేను కూడా ఆయన కూతుర్నే కదా, వదల్లేదు. చివరికి ఒక సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో నాలుగు అట్టలూ ఒక గ్రాఫూ పెట్టుకుని తిరుపతి బస్టాండులో దిగాడు. నేను పనిచేసే కాలేజీని ఆయన చూడటం అదే మొదలు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు తానే ముందు దండం పెట్టాడు.

ఆ రోజు నా క్లాసులో నేను చివరి బెంచీలో కూర్చున్నాను. నాయన మొదట్లో బోర్డుకు అతుక్కుపోయి, నేలచూపులు చూస్తూ మాట్లాడాడు. అట్ట చేతిలోకి తీసుకున్నాక గొంతు మారింది. మళ్ళీ మళ్ళీ చేసే పనిలో మొదట ఎక్కడ తప్పు వస్తుందో, అది వెయ్యోసారికి ఎంతవుతుందో చెప్పుకుంటూ పోయాడు. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, అది ఇంకోసారి చెప్తారా?"

నాయన వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు, ఎవరో సారు వచ్చారనుకుని. గుమ్మంలో ఎవరూ లేరు. మళ్ళీ ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది, ఆయన్నే చూస్తూ. మా నాయన చొక్కా పై గుండీ పెట్టుకుని, అట్ట ఎత్తి పట్టుకుని, మొదట్నించీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.